పంటి వేరులోని పగులు



మా మొగల్తూరు సంతలో కుండ కొనువాఁడు ముందుగా దానిని వ్రేలితో మీటి చూచును. కంటికిఁ గానరాని పగులు చెవికి దొరకును. పంటి వేరు చిగురులోను ఎముకలోను దాఁగియుండుటచే దానికీ పరీక్ష చాలదు.

సుశ్రుతాచార్యులు దంతరోగములలో పన్ను విఱుగు భంజనకమును పేర్కొనిరి. నేఁడు చెప్పఁబోవునది అంతకంటె గూఢమైనది. పుచ్చిన పంటిలోని నాడిని తీసివేసి, వేరు నాళమును పూడ్చి, పై భాగము మిగులనిచో లోహపు చీల దింపి తొడుగు వేయుదురు. ఇట్టి వేరు కొన్నియేండ్లకు నిలువునఁ బగులవచ్చును. గోడలు పలుచనగుటయు, నమలునపు డొత్తిడి పడుటయు, చీల త్రోపుడును కారణములు. మొద్దులో సీల దిగఁగొట్టి చీల్చువారికి ఈ సంగతి విప్పి చెప్పఁబనిలేదు.

1895లో రాంట్జన్ పండితుఁడు ఎక్స్ కిరణములను కనుఁగొనెను. మఱుసటి యేఁడే జర్మనీలో వాల్కోఫ్ అను దంతవైద్యుఁడు తన పండ్ల చిత్రమునకై 25 నిమిషములు కదలక యుండెను. ఇప్పుడు క్షణము చాలును. అయినను ఒక చిక్కు కలదు. తలుపు పలకల సందులో, సూటిగాఁ జూచినప్పుడే వెలుతురు కనఁబడును. ప్రక్కనుండి చూచినచో రెండు పలకలు నొకటిగాఁ దోఁచును. అట్లే కిరణము పగులు వెంబడి పోయిననే చిత్రమున రేఖ పడును. అందుచే కోణము మార్చి రెండు మూఁడు చిత్రములు తీయుదురు. రేఖ లేకున్నను వేరు ప్రక్క ఎముక కరఁగిన నల్లని నీడ యొక గుఱుతు.

కోన్ బీమ్ అను యంత్రము తల చుట్టు తిరిగి పంటిని పలుచని పొరలుగాఁ జూపును. కాని లోహపు చీలనుండి నల్లని, తెల్లని చారలు వెడలును. కన్నులు సగము మూసి దీపమును జూచినట్లన్న మాట. నల్లని చార అచ్చముగా పగులువలెనే యుండును.

నా పై దౌడ ముందరి పంటియందు ఇట్టి చారనే చూపి యొక వైద్యుఁడు, "మాస్టారూ, వేరు పగిలినది, తీసివేయవలె" ననెను. నిజముగా పగిలినచో ఒంటి వేరు పంటికి సాధారణముగా వేఱు గతి లేదు. పురాణము చదువు నాకు ఆ పన్ను పోయినచో దంత్యాక్షరములు పోవును! మఱియొక వైద్యురాలియొద్దకుఁ బోతిని. ఆమె సన్నని కొలకడ్డీతో చిగురు చుట్టు లోఁతు చూచెను. పగులున్నచోట చిగురు తఱచుగా ఒక్క తావుననే ఇఱుకుగా, లోఁతుగా వదలియుండును, నాకట్లు లేదు. చార వేరును దాఁటి ప్రక్క పంటిమీఁదికిఁ బ్రాఁకియుండెను. "పగులు పంటిని విడిచి పోదు గదండీ!" అనెను. చీల తీసి, లోపల సూక్ష్మదర్శినితో పరికించి, ఆ కొంచెము తావునకే మరల చిత్రము తీయఁగా చార లేదు. నాళమును మరల శుద్ధిచేసి పూడ్చిరి. కొన్ని వారములకు చిగురుపై చీముపొక్కు మానినది.

మనకు దగ్గఱనే భీమవరమున దంతవైద్య కళాశాల యున్నది. పోవువారు పాత చిత్రములను పాఱవేయక వెంటఁ దీసికొని పొండు. ముందటి నీడయు నిప్పటి నీడయు ప్రక్కప్రక్కనుంచి చూచినఁగాని ఎముక ఎంత కరఁగినదో వారికిఁ దెలియదు.