పట్టా పుచ్చుకొన్న పిదప పాట



చదువు ముగిసిన పిదప పుస్తకము ముట్టని పట్టభద్రులు లోకమున పెక్కుమంది కలరు. అట్లే సంగీత పాఠశాల విడిచిన పిదప గొంతెత్తి పాడని గాయకులును కలరు. వారు పరీక్షలో నెగ్గిరి. యోగ్యతాపత్రమును పటము కట్టించి గోడకు తగిలించిరి. తంబురకు గుడ్డ చుట్టి అటక యెక్కించిరి. ఎవరైన నడిగినచో, "ఎప్పుడో నేర్చిన విద్య, ఇప్పుడు లేదు" అని బదులు చెప్పుదురు. విద్య పోలేదు; పోయినది దానిపై ప్రీతి. ఆ ప్రీతి మరల చేకూరుట యెట్లు అనునదియే యీ ప్రసంగమునకు విషయము.

పాఠశాలలో సంగీతము సరళీ వరుసలతో మొదలై, జంట వరుసలు, అలంకారములు, గీతములు, స్వరజతులు, వర్ణములు దాటి కృతులకు చేరును. ప్రభుత్వ కళాశాలలలో సర్టిఫికెట్టు చదువునకు 4 ఏండ్లు, డిప్లొమాకు 2 ఏండ్లు పట్టును. ఈ కాలమున విద్యార్థి 72 మేళకర్తల క్రమమును, రాగముల ఆరోహణావరోహణములను, తాళముల లెక్కలను కంఠస్థము చేయవలెను. ఇట్టి కట్టుబాటు లేనిదే యింతటి విద్య అలవడదు గనుక పాఠశాలను నిందించుట తగదు. కాని పరీక్షకు సిద్ధపడువానికి రాగ మొక ప్రశ్న యగును. జవాబు దొరకినతోడనే దానిపై ఆసక్తి తీరిపోవును. అదియుగాక, ఏండ్ల తరబడి తన పాటలోని తప్పులనే వెదకుట కలవాటుపడిన చెవి ఒరుల పాటలోను వానినే వెదకును. అట్టివాడు కచేరీకి పోయినను పరీక్షాధికారివలె కూర్చుండునే గాని రసికునివలె కూర్చుండడు.

ఆడుబిడ్డల విషయమున మరియొక కారణము కలదు. పెండ్లిచూపులనాడు పిల్లను పాడుమని కోరి, పెండ్లియైన పిదప శ్రుతిపెట్టెను మూలకు నెట్టించు కుటుంబములు కొన్ని కలవు. అచ్చట ప్రీతి తానై పోలేదు, పోగొట్టబడినది. ఈ లోపమును దిద్దుకొనవలసినది ఇంటి పెద్దలు.

అడంగలులో వరి యని వ్రాసినంతనే గాదెలో గింజ పడదు. తోడి రాగమునే చూడుడు. పుస్తకమున దాని గాంధారము "గ" యను ఒక్క యక్షరము. సాధారణ గాంధారమని వ్రాసినచో మార్కులు వచ్చును. పాడునపుడు మాత్రము ఆ స్వరము ఒక్కచోట నిలువక, రిషభ మధ్యమముల నడుమ ఊయెలవలె ఊగును. ఆ ఊపే తోడికి ప్రాణము. అది యక్షరములో ఇమడదు. చెవితో పట్టి గొంతుతో వెదకవలసినదే. పాఠశాల అక్షరము నిచ్చును. ఊపును సంపాదించుకొనుట తరువాతి జీవితపు పని. కావున పట్టా వచ్చుటతో చదువు ముగియదు. నిజముగా వినుట అప్పుడే మొదలగును.

దీనికి నిదర్శనము తెలుగుదేశముననే కలదు. విజయనగరమున 1919లో మహారాజావారి సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వాయులీనము నేర్పిరి. 1927లో జన్మించిన నేదునూరి కృష్ణమూర్తి గారు ఆ కళాశాలలోనే ద్వారం నరసింగరావు నాయుడు గారివద్ద గాత్రమును, వాయులీనమును అభ్యసించిరి. అంతటితో చాలునని వారు తలపలేదు. 1949లో శ్రీపాద పినాకపాణి గారి సాంగత్యము లభింపగా, కళాశాల విద్య ముగించినవారయ్యును మరల శిష్యులై, తమ బాణీని తీర్చిదిద్దుకొనిరి. ఆయనకు 1991లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదము లభించినది. అన్నమాచార్యుని "నానాటి బ్రతుకు" సంకీర్తనకు రేవతి రాగమున వరుస కట్టినవారు ఆయనయే.

ఇక పినాకపాణి గారు వృత్తిచే వైద్యులు. కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యులుగా నుండినవారు. అయినను 2013లో నూరవయేట కన్నుమూయువరకు వారి పేరు సంగీతముతోనే ముడిపడియున్నది. గమకములను వీలైనంత సూక్ష్మముగా స్వరపరచి "సంగీత సౌరభము" సంపుటములు వెలువరించిన వారును, శిష్యులను ఎదుట కూర్చుండబెట్టుకొని పాడి వినిపించియే నేర్పిరి. జీవనోపాధి వేరైనంతమాత్రమున సంగీతమును విడువ నక్కరలేదని వారి జీవితము చాటుచున్నది.

అందరును విద్వాంసులు కానక్కరలేదు. పాడుట మానినవారికి మూడు పనులు చాలును. మొదటిది వినికి. నేడు చేతిలోని ఫోనులోనే పూర్వ విద్వాంసుల కచేరీలు లభించుచున్నవి. నెల కొక్క రాగమును ఎంచుకొని, దానిని నలుగురు గాయకులు పాడగా, పుస్తకము మూసి వినవలెను. రెండవది, తొలి పాఠములను మరల పాడుట. మలహరి రాగమునందలి పిళ్లారి గీతములు బాల్యమున తాళము తప్పునను భయముతో వల్లించినవి. ఇప్పుడు వానినే విఘ్నేశ్వరుని ముందట నిదానముగా పాడినచో, అవి పాఠములుగా గాక పాటలుగా వినబడును. మూడవది, ఒకరి యెదుట పాడుట. తప్పులెన్నని శ్రోత యొక్కడు దొరకినను గొంతునకు ధైర్యము వచ్చును.

ఇందులకు గ్రంథాలయము తోడ్పడగలదు. మౌనముగా చదువుకొనువేళ ముగిసిన పిమ్మట, వారమున కొక సాయంకాలము గంటసేపు ఈ సావడిని పాటకు విడిచినచో, పుస్తకములకు వచ్చు నష్టము లేదు. టిక్కెట్టు వలదు, సన్మానము వలదు, పోటీ అసలే వలదు. నేర్చి మరచినవారు పాడుదురు, నేర్వనివారు విందురు, పిల్లలు ఆ మూల కూర్చుండి, ఎవరును నేర్పకయే కొంత పట్టుకొందురు.

అటకపై తంబుర గలవారు దానిని దింపి, దుమ్ము తుడిచి, తెగిన తంత్రులు మార్పింపుడు. కోడండ్రు పాడగలవారైనచో అత్తమామలు ముందుగా అడుగుడు. ఒక్కరు పాడి యొక్కరు వినినను సభ యేర్పడినట్లే.

స్వస్తి.