ఇంటిలో బంగారు చేపలు

వేసవి సెలవులలో హిందూపురమునకో, బెంగుళూరునకో పోయి వచ్చిన పిల్లవాని చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, సంచిలో కొంచెము నీరు, ఆ నీటిలో రెండు బంగారు చేపలు. ఈ దృశ్యము నేడు మా గోరంట్లలో క్రొత్త కాదు. ఇంటిల్లిపాదియు చుట్టు మూగుదురు. గుండ్రని గాజుపాత్రలో నీరు పోసి చేపలను విడుతురు. చూడవచ్చిన ప్రతివారును తలా ఒక చిటికెడు మేత వేయుదురు. మూడవ నాటికి నీరు కడుగునీళ్ళవలె మసకబారును. నాలుగవ నాడు చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరచుచు మూయుచు నుండును. ఐదవ నాటి ఉదయమున పిల్లవాడు లేచి చూచుసరికి అవి వెల్లకిల తేలుచుండును. "వాటి ఆయుస్సు అంతే నాయనా" అని అవ్వ ఓదార్చును. "నేనేం తప్పు చేసినాను అవ్వా?" అని పిల్లవాడు అడుగును. ఆ ప్రశ్నకు ఎవరును సరియైన సమాధానము చెప్పరు. ఈనాటి నా ప్రసంగము ఆ పిల్లవానికి సమాధానము.

అవ్వ మాట ప్రేమతో చెప్పినదే కాని నిజము కాదు. బంగారు చేప ఆయుస్సు ఐదు దినములు కాదు. చక్కగా సాకినచో అది 10 మొదలు 15 సంవత్సరముల వరకు జీవించును. 20 ఏండ్లు దాటినవియు కలవు. ఇంగ్లండు దేశములో 1956లో ఒక తిరునాళ్ళలో బహుమానముగా లభించిన 'టిష్' అను బంగారు చేప 1999 వరకు, అనగా 43 సంవత్సరములు బ్రదికినది. ఈ చేప పుట్టినిల్లు చీనా దేశము. సుమారు వేయి సంవత్సరముల క్రిందట, సుంగ్ వంశపు రాజుల కాలమున, అచ్చటివారు బూడిదవన్నె గల కొలను చేపలలో అరుదుగా పుట్టిన పసుపువన్నె, ఎరుపువన్నె చేపలను ఏరి, వేరుగా పెంచి ఈ జాతిని నిలిపిరి. 16వ శతాబ్దమున అది జపానునకును, 17వ శతాబ్దమున ఐరోపాకును చేరినది. మన చెరువులలో పెరుగు బొచ్చె, శీలావతి చేపలు దీనికి దాయాదులే. కనుక ఇది గాజుపాత్రలో నుంచు బొమ్మ కాదు. కొలనులో పుట్టి కొలనులో పెరుగవలసిన ప్రాణి.

అట్లయిన దానిని చంపినదేమి? ఎక్కువ ఇండ్లలో జరుగునది ఒక్కటే: దాని మలినమే దానిని చంపును. చేప ఊపిరి తీయు మొప్పలనుండి అమోనియా అను విషము ఎడతెగక వెలువడును. తినగా మిగిలి క్రుళ్ళిన మేతనుండియు అదే పుట్టును. మూడు లీటర్ల పాత్రలో ఆ విషమునకు పోవుటకు దారి లేదు. అది మొప్పలను కాల్చును. చేప నీటిపైకి వచ్చి నోరు తెరచుట ఆకలిచే నని తలచి మనము మరికొంత మేత వేయుదుము! నీరు వేడియైన కొలదియు, దానిలో క్షారగుణము హెచ్చిన కొలదియు అమోనియా విషము మరింత తీవ్రమగును. మన ప్రాంతపు బోరునీటికి తరచుగా ఆ క్షారగుణము కలదు. మన వేసవి మాట చెప్పనక్కరలేదు.

మరి చెరువులోని చేపలు ఎట్లు బ్రదుకుచున్నవి? చెరువులో రాళ్ళను, మట్టిని, నాచును అంటిపెట్టుకొని కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలది యుండును. వానిలో ఒక తెగ అమోనియాను నైట్రైటుగా మార్చును. ఇదియు విషమే. మరియొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. దీని వలన చేపకు అపాయము చాల తక్కువ. మొక్కకు ఇది ఎరువు. ఈ సూక్ష్మజీవులు క్రొత్త తొట్టిలో నుండవు. అవి కుదురుకొని పెరుగుటకు 4 మొదలు 6 వారములు పట్టును. కావున అద్దమువలె తేటగా నున్న క్రొత్త నీరే అన్నిటికంటె అపాయకరము. చేపలను పెంచుట యనగా మొదట నీటిని పెంచుట.

పూర్వము మన గ్రామములలో చెరువునకు నీరుగంటి యుండెడివాడు. తూము ఎప్పుడు తెరువవలెనో, ఏ మడికి ఎంత నీరు పారవలెనో చూచుట అతని పని. అతడు వానను కురిపింపలేడు. ఉన్న నీటిని కనిపెట్టి యుండును. బంగారు చేపను తెచ్చుకొన్నవాడు తన ఇంటిలోని చిన్న చెరువునకు నీరుగంటి కావలెను. ఆ పని ఎట్లు చేయవలెనో ఇక చెప్పెదను.

మొదట తొట్టి. గుండ్రని గాజుపాత్ర కూడదు. దానిలో నీరు తక్కువ, గాలి తగులు పైభాగము మరియు తక్కువ. ఇటలీ దేశమందలి మోంజా నగరములో 2004లో అట్టి పాత్రలలో చేపల నుంచుటనే నిషేధించిరి. రెండు చిన్న చేపలకు 100 లీటర్ల తొట్టి ఉండవలెను. పొడవు మూడడుగులు, వెడల్పు ఒక అడుగు, లోతు అడుగుంబాతిక యున్నచో సుమారు 106 లీటర్లు పట్టును. ఆ నీటి బరువు నూరు కిలోలు దాటును. గట్టి అరుగుమీదనే ఉంచవలెను. ఎండ నేరుగా తగులని చోటు మంచిది. గాజుతొట్టి కొనలేనివారు వసారా నీడలో సిమెంటు తొట్టి కట్టించుకొనవచ్చును. క్రొత్త సిమెంటు సున్నపు గుణము పోవువరకు పలుమార్లు నీరు నింపి పారబోయవలెను. కాకి, పిల్లి రాకుండ పైన వల కప్పవలెను.

రెండవది నీరు. కుళాయినీటిలో క్లోరిను ఉండును. వెడల్పుమూతి గల పాత్రలో ఒక దినము తెరచి ఉంచినచో సామాన్యముగా అది ఎగిరిపోవును. చేపల అంగళ్ళలో అమ్ము థయోసల్ఫేటు మందు చుక్కలతో వెంటనే విరుగును. బోరునీటిని కూడ తీసిన వెంటనే పోయరాదు; భూమిలోని నీటికి ప్రాణవాయువు తక్కువ. ఒక పూట నిలువ ఉంచి, చెంబుతో ఎత్తి పోసి గాలి తగిలింపవలెను. మనము త్రాగుటకు ఇష్టపడని ఉప్పదనము, గట్టిదనము బంగారు చేపకు అంతగా అడ్డు కాదు. క్యానులలో తెచ్చుకొను ప్లాంటునీరు శ్రేష్ఠమని కొందరు దానినే పోయుదురు. ఆ నీటిలో లవణములు చాలవరకు పోయియుండుట వలన అది ఒక్కటియే చేపకు తగదు. మరియొక ముఖ్యవిషయము: రాగిబిందెలో నిలువ ఉంచిన నీరు మనకు ఆరోగ్యమందురు, చేపకు రాగి విషము. చేపల నీటికి ప్రత్యేకముగా ఒక ప్లాస్టిక్ బకెట్టు పెట్టి, దానికి సబ్బు తగులనీయకుండ చూడవలెను.

మూడవది ఓపిక. తొట్టిలో స్పంజి గల ఫిల్టరును, గాలి పంపును అమర్చవలెను. సూక్ష్మజీవులకు ఆ స్పంజియే నివాసము. పాత తొట్టి గల మిత్రుడున్నచో అతని స్పంజి ముక్క నొకటి అడిగి తెచ్చుకొనుడు. తోడు వేసిన పాలు త్వరగా పెరుగైనట్లు మీ తొట్టి త్వరగా కుదురుకొనును. చేపలను తెచ్చిన నాడు సంచిని మూతివిప్పక నీటిపై ఇరువది నిమిషములు తేలనిచ్చి, తరువాత తొట్టినీరు కొంచెము కొంచెముగా సంచిలో కలిపి, చేపలను మాత్రము విడువవలెను. మొదటి ఆరు వారములు రెండు దినముల కొకసారి నాలుగవవంతు నీరు మార్చవలెను. అమోనియాను కొలుచు చుక్కల మందు దొరకును. దానిని కొనుట రంగురాళ్ళను కొనుటకంటె మేలు. స్పంజిని ఎన్నడును కుళాయి క్రింద కడుగరాదు. క్లోరిను తగిలినచో పెంచిన సూక్ష్మజీవులు నశించును. తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను.

తొట్టి కుదిరిన తరువాత వారమున కొకసారి నాలుగవవంతు, అనగా 25 లీటర్ల నీరు మార్చిన చాలును. ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు సీమలో, చిత్రావతి ఏటిలో ఇసుకయే తప్ప నీరు అరుదుగా కనబడు ఊరిలో, బిందెడు నీటికై వేచిన తల్లులున్న చోట, చేపకై వారమునకు రెండు బిందెలా? ఈ ప్రశ్న న్యాయమైనది. కాని ఆ నీరు వ్యర్థము కాదు. నైట్రేటు గల ఆ నీరు కరివేపాకు చెట్టునకును, మల్లెతీగకును ఎరువు కలిపిన నీరు. ఎట్లును పెరటికి పోయవలసిన రెండు బిందెలు ముందుగా తొట్టిలో వారము దినములు నిలిచి పోవునని తలచవలెను. పెరడైనను, కుండీలలో మొక్కలైనను లేనివారు, తమకే నీరు చాలనివారు చేపలను తెచ్చుకొనకుండుటయే మంచిది. అది కూడ దయయే.

నాలుగవది మేత. బంగారు చేపకు జీర్ణకోశము లేదు. తిన్నది నేరుగా ప్రేగులలోనికి పోవును. అందుచేత అది ఎంత తిన్నను ఇంకను అడుగుచున్నట్లే కనబడును. దినమునకు ఒకటి రెండు మారులు, రెండు నిమిషములలో మిగులక తినునంత మాత్రమే వేయవలెను. కోనేటి చేపలకు బొరుగులు చల్లుట మన అలవాటు. కోనేరు పెద్దది కనుక చెల్లినది. తొట్టిలో బొరుగులు, అన్నము, రొట్టె వేయరాదు. ఉడికించి తోలు తీసిన పచ్చిబఠానీ గింజను నలిపి అప్పుడప్పుడు పెట్టినచో ప్రేగులకు మంచిది. వారమునకు ఒకనాడు మేత మానినను బాధ లేదు. మేత వేయు పనిని ఇంటిలో ఒక్కరికే, వీలైనచో ఆ పిల్లవానికే, అప్పగింపవలెను.

ఐదవది మన వేసవి. బంగారు చేప చల్లని నీటి చేప; 18 మొదలు 24 డిగ్రీల వేడి దానికి సుఖము. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇమిడియుండగలదు. 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మాత్రమే. వేడికి చేపకు కావలసిన గాలి పెరుగును, నీటిలోని గాలి తరుగును. కావున వేసవిలో మేత తగ్గించి, గాలిపంపును రేయింబవళ్ళు నడిపి, తొట్టిమూత తీసి వల కప్పి పంకాగాలి తగులనీయవలెను. నీరు ఆవిరియగుచు కుండనీటివలె కొంత చల్లబడును. మంచుగడ్డలు వేయరాదు, హఠాత్తుగా మారిన చలి కూడ అపాయమే. విద్యుత్తు పోయినప్పుడు చెంబుతో తొట్టినీరు తీసి జానెడు ఎత్తునుండి మరల తొట్టిలోనే పది నిమిషముల కొకసారి పోయుచుండవలెను.

దోమల మందు సంగతి మరువరాదు. దోమలబిళ్ళలలో, చుట్టలలో, చల్లు మందులలో నుండు పైరిథ్రాయిడులు మనకంటె చేపకు ఎన్నో రెట్లు విషము. తొట్టి యున్న గదిలో వానిని వాడకుడు, దోమతెర కట్టుకొనుడు. చేప మందకొడిగా నున్నను, రెక్కలు ముడుచుకొన్నను, మందులకై పరుగెత్తక మొదట నీరు మార్చి చూడుడు. చాల జబ్బులకు అదియే తొలిమందు.

చివరిమాట. విసుగు పుట్టినచో చేపలను చెరువులోనో, ఏటిలోనో విడుచుట పుణ్యమని తలచువారు కలరు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమందు బర్న్స్‌విల్ నగరపు సరస్సులో అట్లు విడిచిన బంగారు చేపలు బాగుగా బలిసి, అడుగుమట్టిని కెలకి నీటిని చెరచినట్లు 2021లో అచ్చటి అధికారులు ప్రకటించిరి. మన చెరువునకు ఆ గతి పట్టింపకుడు. పెంచలేనిచో పెంచగల వారికి అప్పగింపుడు.

ఇక ఆ పిల్లవానితో చెప్పవలసిన మాట. నాయనా, నీవు తప్పు చేయలేదు. నీకు చెప్పవలసిన సంగతి మేము చెప్పలేదు. ఖాళీయైన ఆ గాజుపాత్రను అటక ఎక్కింపుము. తొట్టి సిద్ధము చేసి, నీరు పోసి, పంపు నడిపి ఉంచుము. సూక్ష్మజీవులకు తోడు దొరకువరకు, నీరు కుదురుకొనువరకు ఆగుము. ఆ తరువాతనే అంగడికి పొమ్ము. ఈసారి నీవు తెచ్చిన చేపలు నీవు కళాశాలలో చేరు నాటికిని నీ చేతినీడ చూచి ఈదుచు వచ్చును.