దారిలో ‘ఆగండి’ అనే హక్కు

(సైకిల్ జాతాకు సిద్ధమవుతున్న మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏ ఊళ్లో ఏం మాట్లాడాలో నిన్నంతా చర్చించుకున్నారు. పాటలు, కరపత్రాలు సిద్ధమయ్యాయి. నన్ను మాత్రం దారి గురించి, అంటే ఎండ గురించి, గాలివాన గురించి మాట్లాడమన్నారు. ఇది ఏర్పాట్ల విషయమే తప్ప హక్కుల విషయం కాదని కొందరికి అనిపించవచ్చు. ఒకప్పుడు నాకూ అలాగే అనిపించింది. ఆ పొరపాటు ఫలితం నేను కాదు, మరొకామె అనుభవించింది.

గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. మరుసటి వేసవిలో ఆ చట్టం గురించి చెప్పడానికి 23 మందిమి ప్రకాశం జిల్లా పల్లెల్లో 12 రోజులు సైకిళ్ల మీద తిరిగాం. విద్యార్థినులకు, టీచర్లకు సెలవులు దొరికేది మే నెలలోనే కాబట్టి మే నెలే పెట్టుకున్నాం.

అయిదో రోజు మధ్యాహ్నం రెండు గంటలకు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి బయలుదేరాం. వడగాలి ముఖాన కొడుతోంది. రోడ్డు మీద తారు మెత్తబడి టైర్లకు అంటుకుంటోంది. చివర వస్తున్న అంగన్‌వాడీ అక్క “కాసేపు ఆగుదామమ్మా, తల తిరుగుతోంది” అంది. జాతా బాధ్యత నాది. జనం ఎదురుచూస్తుంటారన్న ఆందోళనలో “ఇంకొంచెం ఓర్చుకో అక్కా, ఊరొచ్చేసింది” అన్నాను. ఆ తర్వాత రెండు కిలోమీటర్లు ఆమె ఏమీ అనలేదు. ఉన్నట్టుండి సైకిల్‌తో సహా పక్కకు ఒరిగిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. పొంతన లేని మాటలు మాట్లాడుతోంది.

తడిగుడ్డలతో ఒళ్లంతా తడిపి, విసురుతూ, దారినపోయే ట్రాక్టరును ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాం. బతికింది. తెలివి వచ్చాక డాక్టరు “పొద్దున్నుంచి ఎన్ని నీళ్లు తాగారమ్మా?” అని అడిగితే “ఒక్క గ్లాసు” అంది. సీసాలో నీళ్లు అలాగే ఉన్నాయి. తాగితే ఒంటికి పోవాల్సి వస్తుంది. ఆ దారిలో ఎక్కడా చాటు లేదు. పైగా నెలసరి. ఎవరికి చెప్పాలో తెలియక దాహాన్ని చంపుకుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉదయం సభలో “దెబ్బలు ఓర్చుకోకండి, ఓర్పే ఆడదానికి అందమన్న మాట నమ్మకండి” అని చెప్పింది నేనే. మధ్యాహ్నానికి అదే ఓర్పును మా అక్క నుంచి కోరింది కూడా నేనే.

ఎండ అందరికీ ఒకటే అంటారు. కాదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. చెమట పట్టాలంటే ఒంట్లో నీళ్లుండాలి. మగవాళ్లు రోడ్డు పక్కన ఎక్కడైనా ఆగగలరు కాబట్టి భయం లేకుండా నీళ్లు తాగుతారు. మరుగుదొడ్డి లేని దారిలో ఆడదానికి వడదెబ్బ ఒక్క సూర్యుడి వల్లనే తగలదు. 2015 వేసవిలో మన దేశంలో 2,000 మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే. 2020 లాక్‌డౌన్‌లో మే ఎండల్లో వందల కిలోమీటర్లు సైకిళ్లు తొక్కుకుంటూ ఇళ్లకు పోయిన వలస కార్మికుల ఓర్పును మెచ్చుకున్నవాళ్లున్నారు. వాళ్లకు బస్సు, నీళ్లు, నీడ ఇవ్వవలసినవాళ్ల బాధ్యత ఆ మెప్పు చాటున దాగిపోయింది. ఓర్పును పొగిడే ప్రతిచోటా ఎవరి బాధ్యత తప్పిపోతోందో మనం చూడాలి. మన సంఘాల్లో కూడా.

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. ఆడవాళ్ల సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. ఎవరినీ అడక్కుండా బయలుదేరడం వాళ్లు సాధించుకున్నారు. ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా ఆగడం కూడా అందులో భాగం కావాలి.

మిగిలిన ఏడు రోజులూ మేం పద్ధతి మార్చాం. తెల్లవారుజామున అయిదుకు బయలుదేరి పదిలోపల ఊరు చేరేవాళ్లం. మళ్లీ సాయంత్రమే కదిలేవాళ్లం. నెమ్మదిగా తొక్కేవాళ్లను ముందు ఉంచాం. ఏ ఊళ్లో ఎవరింట్లో మరుగుదొడ్డి వాడుకోవచ్చో ముందే కబురు చేసి కనుక్కున్నాం. ఏ ఒక్కరు “ఆగండి” అన్నా కారణం అడక్కుండా అందరం ఆగాలన్నది అన్నిటికన్నా ముఖ్యమైన నియమం.

తొమ్మిదో రోజు సాయంత్రం పడమట మబ్బు కమ్మి గాలి లేచింది. మాలో అందరికన్నా చిన్నది, ఇంటర్ చదివే పిల్ల, “ఆగండి” అంది. కొందరు తాటిచెట్ల కిందికి పోదామన్నారు. పిడుగులు పడే వేళ చెట్టు కిందికి పోకూడదు. మెరుపు కనిపించిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే వెంటనే పక్కా భవనంలోకి చేరాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా బయటికి రాకూడదు. మేం అర కిలోమీటరు వెనక్కి తిరిగి బడిలో తలదాచుకున్నాం. వడగళ్లు పడ్డాయి. ఆ రాత్రి సభ జరగలేదు.

మర్నాడు ఆ ఊరు వెళితే ఒక పెద్దామె “రాత్రంతా చూశాం, రాలేదేం?” అని అడిగింది. మా పిల్ల వద్దంది, అందరం ఆగిపోయామని చెప్పాం. ఆమె ఆశ్చర్యంగా చూసి, “ఒక్క పిల్ల వద్దంటే ఇంతమంది ఆగారా?” అంది.

చట్టం గురించి మేం ఆ ఊళ్లో చెప్పవలసిన మాట అక్కడే మొదలైంది. రేపు మీ జాతా కదిలే ముందు నీళ్లకు, మరుగుదొడ్డికి, నీడకు ఎవరు బాధ్యులో పేర్లు రాసుకోండి. “ఆగండి” అనే మాట ప్రతి ఒక్కరి చేతా ఇక్కడే ఒకసారి పైకి అనిపించండి. అలవాటు లేని మాట కదా, మొదటిసారి గొంతు పెగలదు.