శుద్ధజలము – పంచాయతీ కర్తవ్యము

పంచాయతీ సభ్యులారా!

ఊరగాయకై మామిడి ముక్కలపై ఉప్పు చల్లినచో వానిలోని నీరు వెలికి ఊరును. సన్నని పొర గుండా ఉప్పు తక్కువైన వైపు నుండి ఎక్కువైన వైపునకు నీరు పోవుటయే ద్రవాభిసరణము. ఆ పీడనమును మించిన ఒత్తిడి కలిగించినచో నీరు ఎదురు నడచును; లవణములు చాలవరకు వెనుకనే నిలిచిపోవును. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు గ్రామములలోని నీటిశుద్ధి కేంద్రములు ఈ సూత్రముపైననే నడచును.

లీటరునకు 1.5 మిల్లీగ్రాములను మించిన ఫ్లోరైడు గల నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లు, ఎముకలు చెడును. నీటిని కాచినను అది పోదు.

అయితే కేంద్రము విడిచిపెట్టు నీటిలో ఫ్లోరైడు మరింత చిక్కబడియుండును. దానిని బోరుబావి చెంత వదలినచో, మనము తీసివేసిన దోషము మరల మన నేలలోనికే చేరును. ఆ నీటిని మరుగుదొడ్లు కడుగుటకు వాడించుడు. పొరను సకాలమున మార్పించి, నీటిని పరీక్ష చేయించుడని మనవి చేయుచున్నాము.