నల్లనైన ఆకాశము



ఛాయాచిత్రమనగా కంటికి గోచరించిన దృశ్యమునకు ప్రతిబింబము మాత్రమే యని మనలో పెక్కుమంది తలంతురు. ఆ తలంపు ఎంత అసమగ్రమో తెలియగోరువారు అమెరికా ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ 1927 ఏప్రిల్ 10వ తేదీన తీసిన హాఫ్ డోమ్ అను మహాశిల చిత్రమును చూడవలెను. ఆనాడు కాలిఫోర్నియాలోని యోసెమిటీలో, బరువైన కెమెరాను, గాజుపలకలను మోసికొని, మంచు తొక్కుచు మిత్రులతో కొండ నెక్కిన ఆ పాతికేండ్ల యువకుని యొద్ద మధ్యాహ్నమునకు రెండే పలకలు మిగిలినవి. మొదటిదానిని పసుపుపచ్చని ఫిల్టరుతో తీసెను; తీసిన వెంటనే, ఆ మహాశిల తన హృదయమున రేపిన గాంభీర్యము ఇట్లు నిలువదని గ్రహించి, గాఢమైన ఎఱ్ఱ ఫిల్టరును కటకమునకు తగిలించి, కడపటి పలకను వెలుతురునకు చూపెను. ఎఱ్ఱ గాజు నీలికాంతిని అడ్డగించును గనుక ఆకాశము దాదాపు నల్లనయ్యెను, నీడలు చిక్కనయ్యెను. నిలువునా కోసినట్లున్న ఆ శిలాముఖము ఆ నలుపుపై కొండంత గంభీరముగా నిలిచెను.

నాకు మిక్కిలి ప్రియమైనది ఆ ఎఱ్ఱ గాజు కాదు. మీట నొక్కుటకు ముందే చిత్రమును మనోనేత్రమున సంపూర్ణముగా దర్శించిన ఆ క్షణము. ఆ దర్శనమునకే ఆయన తరువాత విజువలైజేషన్ అని పేరిడెను. యౌవనమున పియానో అభ్యసించినవాడగుటచే నెగెటివును స్వరలిపితోను, ముద్రణను కచ్చేరీతోను పోల్చెడివాడు. అందుకు తగినట్లే, 1941లో న్యూమెక్సికోలో తీసిన చంద్రోదయ చిత్రపు తొలిప్రతులలో లేతగా నున్న ఆకాశము, ఏండ్లు గడచినకొలది, ఆయన చీకటిగదిలోనే కారునలుపుగా మారినది.