దిగులుకీ మందుంది
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



2011లో మన కోనసీమలో సార్వా నాట్లు ఆపి పంట విరామం ప్రకటించాం. గిట్టుబాటు ధర, పూడిపోయిన మురుగు కాలవలు, కూలి ఖర్చు, అన్నీ రోడ్డెక్కి చెప్పాం. నిద్రపట్టని రాత్రుల సంగతి మాత్రం ఇంట్లోవాళ్లకీ చెప్పలేదు.

చేను మునిగితే బాధపడటం జబ్బు కాదండి. రెండు వారాలు దాటినా దిగులు వదలక, అన్నం సయించక, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తూ, కొబ్బరి దింపుకి మనిషిని పిలిచే ఓపిక కూడా లేకపోతే అది డిప్రెషన్ కావచ్చు. ఆందోళనైతే గుండెదడ, వణుకు. ఈసీజీ తీయించుకోండి, మంచిదే. గుండె బాగుందన్నాక మనసు సంగతి చూడాలి.

ఈ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మనవాళ్లు వారం వాడి ‘గుణం లేదు’ అని మానేస్తారు! తగ్గాక కూడా ఆరు నెలలైనా వాడాలి. డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. మాటలతో చేసే వైద్యం, కౌన్సెలింగూ ఉంది.

బిళ్లలు అప్పు తీరుస్తాయా అంటారు. తీర్చవు. కౌలు కార్డు కోసం, కాలవల కోసం సంఘం పోరాడాల్సిందే. ఆ పోరాటానికి రావడానికైనా మనిషికి సత్తువ ఉండాలి కదా.

14416 టెలిమానస్ నంబరు. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎవరైనా ‘ఇక బతకను’ అంటే కొట్టిపారేయకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. పురుగుమందు డబ్బాలు ఆ ఇంట్లోంచి తీసేయండి. ఆ రాత్రి పక్కన ఉండండి, తెల్లారగానే ఆస్పత్రికి తీసుకెళ్లండి.