ఆధారం అడిగే పాఠం

హైస్కూలు పిల్లలకు విలువలు నేర్పాలంటే కాదనేవారు లేరు. పేచీ అంతా ఎలా నేర్పాలన్న దగ్గరే. గోడ మీద సూక్తి రాయించడం, ప్రార్థనలో ప్రతిజ్ఞ చేయించడం మనకు అలవాటైన దారి. ఆ ప్రతిజ్ఞను 1962లో తెలుగులో రాసినవారు నల్లగొండ ప్రాంతానికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. రోజూ దాన్ని అప్పజెప్పే పిల్లల్లో ఆ పేరు ఎందరికి తెలుసు? వల్లించిన మాట మనసులోకి దిగిందనుకోవడం మన భ్రమ. ఆధారం చూడకుండా తీర్పు చెప్పకపోవడం, నష్టపోయేవారి మాట వినకుండా నిర్ణయానికి రాకపోవడం, ఈ రెండు అలవాట్లనూ సాంఘికశాస్త్రం ఇవ్వగలదు. సత్యం, సమానత్వం అని మనం చెప్పుకునేవి వీటి మీదే నిలబడతాయి.

మొదటి అలవాటుకు ఉదాహరణ కోసం అచ్చంపేట నుంచి దూరం వెళ్లనక్కర్లేదు. సురవరం ప్రతాపరెడ్డి స్వగ్రామం ఇటిక్యాలపాడు నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోనే ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న నిందకు ఆయన ఎదురు నింద వేయలేదు. ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. అవమానానికి ఆధారాలతో జవాబివ్వవచ్చని ఇంతకంటే బాగా చెప్పే పాఠం ఏముంది? ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఆయన రాజులనూ యుద్ధాలనూ పక్కకు జరిపి, జనం తిండినీ బట్టనూ ఆటలనూ నమ్మకాలనూ చరిత్రకెక్కించారు. తన ఇంటి పనిముట్టు కూడా చరిత్రకు సాక్ష్యమేనని తెలిసిన పిల్లకు శ్రమను గౌరవించడానికి ఒక కారణం దొరుకుతుంది.

రెండో అలవాటుకు నల్లమలే పాఠ్యపుస్తకం. ఇక్కడి యురేనియం అన్వేషణను జనం వ్యతిరేకించారు. 2019 సెప్టెంబరులో తవ్వకాలు వద్దని రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. దేశానికి కరెంటు కావాలనే వాదననూ, చెంచుల బతుకు, అడవి, కృష్ణా నీళ్లు ఏమవుతాయన్న ప్రశ్ననూ పిల్లలు పక్కపక్కన పెట్టి రాయాలి. అయితే అసలు పరీక్ష ఆ తర్వాతే. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలి పెంటల (చెంచు గూడేల) నుంచి చెంచులను తరలించాలన్నప్పుడు అడవిని కాపాడాలన్న మన నినాదమే వాళ్లకు ఎదురు నిలుస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఏ అధికారం ఇచ్చిందో అప్పుడు చదివితే, చట్టం ఒక మార్కుల ప్రశ్నగా మిగిలిపోదు.

సిలబస్ పూర్తిచేయడానికే సమయం చాలడం లేదంటారు. నిజమే. కానీ ఇందుకు కొత్త పాఠం అక్కర్లేదు, ఉన్న పాఠం చివరి ప్రశ్న మారితే చాలు. ఉపాధ్యాయుడు తన రాజకీయాన్ని పిల్లలకెక్కిస్తాడన్న భయం ఇంకా గట్టిది. ఏ పక్షం రాశారన్నదానికి కాకుండా, ఎంత ఆధారం చూపారన్నదానికి మార్కులు వేయడమే దానికి విరుగుడు. అలాగని ప్రతి విషయానికీ రెండు పక్షాలుండవు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది. దానిమీద తరగతిలో ఓటింగు పెట్టరాదు. రాజ్యాంగం గీసిన గీత లోపలే మన చర్చ. విలువలు ఇంట్లో నేర్వాల్సినవన్న మాటలోనూ కొంత నిజముంది. ఇల్లు మనవాళ్లను ప్రేమించడం నేర్పుతుంది. మనవాళ్లు కానివారికి న్యాయం చేయడం నేర్చుకోవాలంటే వాళ్ల పిల్లల పక్కన కూర్చోవాలి, ఆ చోటు బడి.

అందుకే సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు, సాహితీమిత్రులు కలిసిన ఈ సదస్సు ముందు ఒక్క ప్రతిపాదన పెడుతున్నాను. ప్రతి హైస్కూలూ ఏడాదికి ఒక స్థానిక వివాదాన్ని తీసుకుని, పంచాయతీ రికార్డులు, పత్రికా వార్తలు, పెద్దల మాటలు సేకరించి, ఇరుపక్షాల వాదనలతో పిల్లల చేతనే పాఠంగా రాయించాలి. ఈ పని మొదలుపెడితే విలువల గురించి విడిగా ఉపన్యసించాల్సిన అవసరం మనకు చాలావరకు తగ్గుతుంది.